ఏడో పేరు

చంపింది ముగ్గురు. కాగితంలోకి ఎక్కింది తొమ్మిది మంది. ఆ తొమ్మిదిలో ఏడో పేరు దూదేకుల గఫూర్‌ది. కోడిని కోయాలన్నా పక్కింటివాణ్ణి పిలుచుకునే మనిషి గఫూర్. అట్లాంటివాడు వేటకొడవలి పట్టి పీరన్న కుడిచేతి మీద వేటు వేశాడని సర్కారు కాగితం చెబుతోంది. ఆ మాట మొదటిసారి చెవిన పడ్డప్పుడు అతని పెండ్లాం మైమూన్‌కు ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. ఎవరో తాగి రాసుంటారు, రేపో మాపో చూసుకుని కొట్టేస్తారులే అనుకుంది పిచ్చిది.

తాగి రాయలేదు. స్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని, బాగా ఆలోచించే రాశారు.

ఆంధ్రప్రదేశ్ వచ్చి అప్పటికి మూడేళ్లు. ముద్దనూరు నుంచి పులివెందులకు పోయే దారిలో బోడిగుట్టపల్లె అని చిన్న ఊరు. ఊరు చిన్నదైనా పార్టీలు రెండు. ఒకదానికి నాయకుడు పీరన్న. రెండోదానికి పెద్దాయన. ఆయనకూ తల్లీతండ్రీ పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది గాని ఊళ్లో దాన్ని పలికే నోరు లేదు. ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం పీరన్న ఒంటరిగా వంక దాటుతుంటే పెద్దాయన మనిషి గంగులు, వాడి వెంట ఇంకో ఇద్దరూ అడ్డం పడి నరికేశారు. సరిగ్గా ఆ వేళకే గఫూర్ వేంపల్లెలో పరుపుల పని ముగించుకుని, బస్సు దిగి, దూదేకే విల్లు భుజాన వేసుకుని అడ్డదారిన ఊళ్లోకి వస్తున్నాడు. తుమ్మచెట్ల చాటు నుంచి అంతా చూశాడు. ఒణుక్కుంటూ వచ్చి, అడిగినవాడికల్లా చెప్పాడు.

"గంగులు, వానెంట ఇద్దరు. ముగ్గురే అప్పా. పెద్దాయన ఆడ లేడు."

చూసింది చూసినట్టు చెప్పాడు. అతను చేసిన నేరం అదొక్కటే.

ముగ్గురైతే పీరన్న వాళ్లకు ఏం సరిపోతుంది? చంపించింది పెద్దాయనని గొడ్డూ గోదాకు కూడా తెలుసు. ఆయన పేరు లేని కేసు కేసేనా? అందుకని శవాన్ని వంకలోనే ఉంచి, పోలీసు టేషన్‌కు పోవాల్సిన మనుషులు ముందు ప్రొద్దుటూరుకు పోయారు. ఆ ఊళ్లో రామచంద్రయ్య అని ఒక వకీలు గుమాస్తా ఉండేవాడు. చుట్టుపక్కల ఎక్కడ తల తెగినా ఫిర్యాదు ఆయన చేతి మీదుగా పోవాల్సిందే. ఎవరి పేర్లు ఎక్కించాలో ముందే తేల్చుకోవడాన్ని ఆ ప్రాంతంలో 'పేర్లు కట్టడం' అంటారు. పెండ్లికి పందిరి కట్టినంత మామూలుగా అంటారు.

రామచంద్రయ్య మొదట అడిగిన మాట, "ఎవరెవరు లోపల ఉండల్ల?" అని. రెండో మాట, "వాళ్ల తరపున సాక్షి చెప్పగలిగే మొగోడు ఎవడన్నా ఉండాడా?" అని. పెద్దాయన అక్కడ లేడని దూదేకుల గఫూర్ ఊరంతా చెబుతున్నాడని వీళ్లు చెప్పారు. "అయితే వాణ్ణి గూడా ఎక్కిద్దాం. ముద్దాయి బోనులో నిలబడినోడు సాక్షి బోను ఎక్కలేడు" అన్నాడాయన. పెద్దాయన పేరు ఒకటోది అయింది, గఫూర్ పేరు ఏడోది. ఫిర్యాదు మాత్రం పీరన్న తల్లి పార్వతమ్మ పేరు మీద రాశారు. ఆమె వంక గట్టు మీద నిలబడి తొమ్మిది మందినీ కళ్లారా చూసిందట.

చూడటమా, ఏం చూడటం! ఆ మధ్యాహ్నం పార్వతమ్మ తన ఇంటి పంచలో బొంత పరుచుకుని కూర్చుంది. ఎదురుగా కూర్చుని ఆ బొంతకు రెండో వైపు కుట్లు వేస్తున్నది ఎవరనుకున్నారు? ఈ మైమూనే. కేక వినపడి ఇద్దరూ ఒక్కసారే లేచారు. ఇద్దరూ కలిసే వంక దాకా పరిగెత్తారు. అప్పటికి అక్కడ మనిషి లేడు, శవమే ఉంది. పార్వతమ్మ కిందపడిపోతే పట్టుకున్నది కూడా మైమూనే. ఆ మాట ఆమె టేషన్‌లో చెబితే జమాదారు చేత్తో తోసేశాడు. "ముద్దాయి పెండ్లాం ముద్దాయి దోషి అంటాదా?" అన్నాడు.

గఫూర్‌ను జమ్మలమడుగు సబ్ జైలులో పెట్టారు. మొదటిసారి చూడబోయినప్పుడు అతనే ఆమెకు ధైర్యం చెప్పాడు. "ఏడ్వాకు. నేనేం చేయలేదు గదా, ఇడుస్తార్లే. ఆ బద్వేలోళ్ల పరుపు సగంలో ఉంది, దూది తడవకుండా చూడు" అన్నాడు. ఊచల వెనక నిలబడి కూడా పరుపు గురించే ఆలోచిస్తున్నాడు. ఈ మనిషిని ఈ మనిషిలాగే ఇంటికి తెచ్చుకోవాలి, అంతే, ఇంకేమీ వద్దనుకుంది. ఆ మర్నాడే ప్రొద్దుటూరు బస్సెక్కింది.

రామచంద్రయ్య ఆమెను కసరలేదు. అదీ ఆమెకు ఒళ్లు మండించిన సంగతి. అరుగు మీద కూర్చోమని, లోపలికి కేకేసి చెంబుతో మంచినీళ్లు తెప్పించాడు.

"మీకు మొక్కుతా సామీ. ఆ కాగితంలో నుంచి మా ఆయన పేరు తీయించండి. ఆయన చేసినాడని మీరు నమ్ముతాండారా?" అంది.

"ఛ ఛ. గఫూర్ ఎట్లాంటోడో నాకు తెలీదా? మా ఇంటి పరుపులు వాడు ఏకినవే గదమ్మా" అన్నాడాయన.

తెలియక రాశాడనుకుంది మైమూన్ ఇంతకాలం. తెలిసీ రాశాడు!

"మరి ఎందుకు రాస్తిరి?"

"చూడమ్మా, నిదానంగా విను. చంపించింది పెద్దాయన. అవునా? ఆయన కొడవలి పట్టలేదు, పట్టడు గూడా. జన్మలో పట్టడు. చట్టానికి చేతులే కనపడతాయి, మనసు కనపడదు. అందుకని మేం ఆయనకు ఒక చెయ్యి అతికిస్తాం. ఇది అబద్ధమంటావా? నేను న్యాయమంటా. న్యాయం నిలబడాలంటే నీ మొగుడు సాక్షి కాకూడదు. నాలుగు నెలలో ఐదు నెలలో లోపల ఉంటాడు. సాక్ష్యం గట్టిగా లేదని జడ్జి ఎట్లాగూ వదిలేస్తాడు. ముగ్గురు హంతకులు ఉరికంబం ఎక్కాలంటే ఒక అమాయకుడు ఐదు నెలలు కూచోవడం పెద్ద నష్టమా, నువ్వే చెప్పు. అయినా నేను రాయకుంటే ఇంకొకడు రాస్తాడు. వాడైతే నీ పేరు గూడా ఎక్కించేవాడు."

ఇదంతా ఆయన మెల్లగా, పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పాడు. ఎంత ఓర్పు! మనిషి దొంగైతే తిట్టొచ్చు. లంచగొండి అయితే మొహాన ఉమ్మొచ్చు. తాను ధర్మం చేస్తున్నానని మనసారా నమ్ముకున్నవాణ్ణి ఏం చేయాలి?

"సామీ, పెద్ద నష్టం కాదంటాండారు గదా," అంది మైమూన్ లేచి నిలబడి. "ఆ ఐదు నెలలు మీరు పోయి కూచోండి. ఏడో పేరు కాడ మీ పేరు రాసుకోండి. న్యాయం నిలబడుతుంది."

రామచంద్రయ్య మొహం అప్పుడు మారింది. "నోరు శానా పెద్దది నీకు" అన్నాడు. ఆమె ఆ నీళ్లు ముట్టుకోకుండానే వచ్చేసింది.

రెండు నెలలు గడిచాయి. మైమూన్ పగలు ఊళ్లో బొంతలు కుట్టి, పది రోజులకొకసారి జమ్మలమడుగు పోయి వస్తోంది. ఒకసారి గఫూర్‌ను పిలవమంటే వార్డరు గఫూర్‌తో పాటు గంగులును కూడా తీసుకొచ్చి నిలబెట్టాడు. ముద్దాయిలంతా ఒకే గదిలో ఉన్నారు మరి. చంపినవాళ్లు, చంపనివాళ్లు, ఆ రోజు ఊళ్లోనే లేనివాళ్లు, అందరూ ఒకే గది, ఒకే తిండి. పెద్దాయన ఒకటో ముద్దాయి అయినా జామీను మీద ఇంట్లో ఉన్నాడు. పీరన్న చచ్చిన పూట ఆయన ప్రొద్దుటూరులో ఒక పెండ్లిలో వడ్డన చూస్తున్నాడు. రెండొందల మంది చూశారు. అయినా ఆయన పెద్దమనిషి గనక ఎనిమిది మందికీ రెండు పూటలా ఇంటి నుంచి కూడు పంపిస్తున్నాడు.

గంగులు నల్లగా, ఎత్తుగా, నవ్వు మొహంతో ఉంటాడు. పనిలోకి పోయి వచ్చిన మనిషిలా ఉంటాడు తప్ప నరహంతకుడిలా ఉండడు. ఆమె వాడి వైపే తిరిగింది.

"గంగులన్నా, నీకు తెలుసు గదా మా ఆయన ఆడ లేడని. నువ్వు ఒక్క మాట చెప్పన్నా జడ్జికి."

"నేనెట్ల చెప్పేది మే?" అన్నాడు వాడు, నిజంగానే జాలిపడుతూ. "వాడు ఆడ లేడని చెప్పల్లంటే నేను ఆడ ఉన్నానని చెప్పల్ల గదా."

అదీ నిజమే.

"ఎందుకు చంపితివన్నా పీరన్నను? నీకేం చేసినాడు?"

గంగులు వార్డరు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "నాకేం చేయలే. పెద్దాయన నిమ్మచెట్లను వాడు నరికిచ్చినాడు పోయినేడు. నేను పెద్దాయన ఉప్పు తిన్నా. చెయ్యి నాది గాని మాట నాది కాదు. పని చెప్పినారు, చేసినా. నేను పోకుంటే ఇంకొకడు పోయేటోడు. అయినా వాడు ఆ ఎండన పడి ఒంటిగా వంకలోకి ఎందుకు రావల్ల? తెలీదా వానికి?"

చచ్చినవాడిదే తప్పంట! ఎండలో నడిచినందుకు! మైమూన్‌కు తల తిరిగింది. అంతకన్నా తల తిరిగిన సంగతి ఇంకొకటుంది. ఇదే మాట, నేను కాకుంటే ఇంకొకడు అన్న మాట, ఆమె ప్రొద్దుటూరులో విభూతి పెట్టుకున్న మనిషి నోటి నుంచి విన్నది. ఒకడు కొడవలి పట్టాడు, ఒకడు కలం పట్టాడు. లోపల తిరిగే ఆలోచన ఒకటే. ఇద్దరికీ రాత్రిపూట నిద్ర బాగానే పడుతోంది.

ఆమె మొగుడి వైపు చూసింది. గఫూర్ పరుపు గురించి అడగలేదు. గంగులు మాటకు తల ఊపుతున్నాడు.

"గంగులన్న మంచోడు మైమూన్," అన్నాడు మెల్లగా. "నాకు జరం వస్తే రాత్రంతా తడిగుడ్డ ఏసినాడు. మనం బయటుండి ఏమేమో అనుకుంటాం గాని, ఎవరి కారణాలు వాళ్లకుంటాయి."

బస్సులో కూర్చున్నాక కూడా ఆ మాట ఆమెను వదల్లేదు. జైలు గోడ అంటే మనిషిని ఇంటికి రానివ్వకపోవడమే అనుకుంది ఇన్నాళ్లూ. లోపల ఇంకేదో పని కూడా జరుగుతోంది. ఆలస్యమయ్యేకొద్దీ ఇంటికి వచ్చేది ఎవరో తెలియడం లేదు. ఇంక మిగిలింది పార్వతమ్మ ఒక్కతే.

కొడుకు పోయాక పార్వతమ్మ ఊళ్లో ఉండలేదు. భయపడి గొడ్లను తోలుకుని పులివెందులలో తమ్ముడి ఇల్లు చేరింది. మైమూన్ అక్కడికి పోయేముందు ఊరి పీర్ల చావిడికి పోయింది. ఈ సీమలో పీర్ల పండగకు మతం ఉండదు. బోడిగుట్టపల్లెలో ప్రతి ఏడూ పీరుకు పెట్టే మొదటి మలీదా ముద్ద పార్వతమ్మ ఇంటి నుంచే వస్తుంది. ఎనిమిదేండ్లు పిల్లలు లేక పీరుకు మొక్కుకుని కన్న కొడుకు కాబట్టే వాడికి పీరన్న అని పేరు పెట్టుకుంది. ఏదైనా ప్రమాణం చేయాలంటే ఆ ఊళ్లో చావిడి గుండంలోని ఊదీ తెచ్చి నుదుట పెట్టుకుని చెప్పాలి. ఊదీ పెట్టుకుని బొంకితే ఇంటి దీపం ఆరిపోతుందని నమ్మకం. అట్లా బొంకినవాడు ఆ చుట్టుపక్కల పుట్టలేదు. ఆ ఊదీ ఒక చిటికెడు పొట్లం కట్టుకుని మైమూన్ పులివెందుల బస్సెక్కింది.

తిట్టాలనే పోయింది. దారి పొడుగునా తిట్లు కూర్చుకుంటూ పోయింది. పంచలో ఒక మూల చాప మీద ఒరిగి ఉన్న ముసలమ్మను చూసేసరికి సగం తిట్లు గొంతులోనే ఆగిపోయాయి. నాలుగు నెలల్లో మనిషి ఎండుకట్టె అయిపోయింది.

"పెద్దమ్మా" అంది మైమూన్ పక్కన కూర్చుని.

"ఎందుకొచ్చినావో నాకు తెలుసు మే" అంది పార్వతమ్మ, లేవకుండానే.

"ఆ పొద్దు నువ్వు నా ఎదురుగా కూచోనుంటివి. వంక కాడ ఎవరినీ నువ్వు చూడలేదు, నేనూ చూడలేదు. మా ఆయన పేరు ఎట్ల చెప్పినావు పెద్దమ్మా? నీ కొడుకు పెండ్లి పరుపు ఏకింది ఆయనే గదా."

"నేనేడ చెప్పినా? వాళ్లు రాసినారు, నేను వేలిముద్ర ఏసినా."

"కోర్టులో అయినా నిజం చెప్తావా?"

పార్వతమ్మ లేచి కూర్చుంది. ఆమె కళ్లలో నీళ్లు లేవు. "చెప్పను. ఆ తొమ్మిది పేర్లూ చెప్తా. కోర్టులో అందరూ చెప్తారు. కోర్టులో చెప్పింది అబద్ధం కిందికి రాదంట. ఆడ దేవుడుంటాడా ఏంది? నా బిడ్డను ముక్కలు చేసినోళ్లకు ఉరి పడల్ల. నీ మొగుడు బతికే ఉండాడు గదా మైమూనా. ఈ పొద్దు కాకుంటే రేపు వస్తాడు. నా కొడుకు వస్తాడా?"

గుండె కోత పడ్డ తల్లి మాట అది. కాదనడానికి నోరు రాదు ఎవరికైనా. కానీ మైమూన్‌కు కోపం మళ్లీ కాళ్ల నుంచి ఎక్కింది. ఏడుపు ఉన్నవాళ్లు ఇంకొకరిని ఏడిపించొచ్చా? అట్లయితే ఈ సీమలో ఎవరికి లేదు ఏడుపు? పీరన్న నరికించిన నిమ్మచెట్ల కింద కూడా ఎవరో ఒకరు ఏడ్చే ఉంటారు. గంగులు అమ్మ కూడా ఏడుస్తూనే ఉంటుంది.

పొట్లం విప్పి చాప మీద పెట్టింది.

"ఇది మన చావిడి ఊదీ. నుదుట పెట్టుకో. పెట్టుకొని, గఫూర్ నా కొడుకు చెయ్యి నరికినాడు అని నాతో ఒక్కసారి చెప్పు. నేను లేచి పోతా, ఇంగ జన్మలో నీ మొహం చూడను."

పార్వతమ్మ ఆ బూడిద వైపు చూసింది. చెయ్యి చాచలేదు.

"నా ఇంటి దీపం ఎప్పుడో ఆరిపోయింది. నాకు పీరు ఇంగ ఏం చేస్తాడు?" అంది.

"అయితే భయమెందుకు? పెట్టుకో."

పెట్టుకోలేదు. కడకు, "తీసకపో దాన్ని" అంది గొణుగుతూ. "నీకాడే పెట్టుకో పెద్దమ్మా" అని మైమూన్ లేచి వచ్చేసింది. పని కాలేదనే అనుకుంది. బస్సు స్టాండు దాకా ఏడుస్తూనే నడిచింది.

ఏడో నెలలో కడప సెషన్స్ కోర్టులో విచారణకొచ్చింది కేసు. మైమూన్ ఎర్రగుంట్ల దాకా బస్సులో, అక్కణ్ణుంచి రైల్లో పోయింది. ముద్దాయి బోనులో తొమ్మిది మందీ రెండు వరసల్లో నిలబడ్డారు. పెద్దాయన ఇస్త్రీ మడత నలగని చొక్కాలో ఉన్నాడు. మొదటి సాక్షి పార్వతమ్మ అని బిళ్ల బంట్రోతు పిలిచాడు. ఆమె తమ్ముడి చెయ్యి పట్టుకుని మెల్లగా వచ్చింది. ఆమె నుదుట బూడిద గీత ఉంది.

సర్కారు వకీలు అడిగాడు, ఆ రోజు ఏం చూశావమ్మా అని.

"ఏం చూడలే దొరా," అంది పార్వతమ్మ. "ఇంట్లో ఉంటి. ఈ మైమూన్‌తో బొంత కుడతా ఉంటి. నా కొడుకును నరికింది నేను చూడలేదు. తొమ్మిది పేర్లు నాకు చదివి ఇనిపిచ్చి వేలిముద్ర ఏపిచ్చుకున్నారు. గఫూర్ కొట్టలేదు. పెద్దాయన ఆ పొద్దు ఊళ్లో గూడా లేడు. చంపింది మాత్రం ముగ్గురు దొరా. గంగులు, వానెంట ఇద్దరు."

"నువ్వు చూడలేదంటున్నావు గదా. ముగ్గురని నీకెట్లా తెలుసు?" అని జడ్జి అడిగాడు. "మరి చూసినవాడు ఎవరు?"

పార్వతమ్మ చెయ్యెత్తి ముద్దాయి బోను చూపించింది. "ఆడుండాడు దొరా. ఏడోవాడు."

కోర్టులో ఎవరో నవ్వారు. నవ్వకుండా ఏం చేస్తారు! ఆ హత్యను కళ్లారా చూసిన మనిషి జిల్లా మొత్తానికి ఒక్కడు. ఆ ఒక్కణ్ణీ హంతకుల సరసన నిలబెట్టారు, నిజం చెప్పకుండా ఉండటానికి. ముద్దాయిల మీద వాళ్ల తోటి ముద్దాయిని సాక్షిగా పిలవడం కుదరదట. ఇంకా నలుగురు కట్టుకథ సాక్షులొచ్చారు గాని, తల్లే చూడలేదన్నాక వాళ్ల మాట నిలవలేదు. వారం తిరక్కుండా తొమ్మిది మందినీ వదిలేశారు. గఫూర్ బయటికొచ్చాడు. గంగులు కూడా బయటికొచ్చాడు, గఫూర్ భుజం మీద చెయ్యేసుకుని.

మెట్ల దగ్గర రామచంద్రయ్య మైమూన్‌కు ఎదురుపడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "చూసినావా? ఆ ముసలమ్మతో నిజం చెప్పిచ్చినావు. ఏమయింది? ముగ్గురు హంతకులు పండగ చేసుకుంటా పోతాండారు."

"నిజం చెప్పినందుకు కాదు సామీ. మీరు ముగ్గురి పేర్లే రాసుంటే మా ఆయన ఆ మొదటి పొద్దే సాక్షి చెప్పుండేటోడు. ముగ్గురికీ శిక్ష పడుండేది. వాళ్లను ఇడిపిచ్చింది మీరు," అంది మైమూన్. ఆయన గొడుగు తెరుచుకుని వెళ్లిపోయాడు.

మైమూన్ కాళ్లకు దండం పెట్టబోతే పార్వతమ్మ వెనక్కి జరిగి, తమ్ముడి వెంట నడిచిపోయింది. కొడుకు పోయె, న్యాయమూ పోయె ఆమెకు.

గఫూర్ ఇంటికొచ్చి పది రోజులైంది. విల్లు ముట్టలేదు. పొద్దున లేస్తే పెద్దాయన కళ్లం వైపు పోతాడు, మధ్యాహ్నం వస్తాడు. పెద్దాయన ఇంటి నుంచి ఒక మూట జొన్నలు వచ్చాయి. మైమూన్ వాటిని తిరగ్గొట్టింది. పదకొండో రోజు సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, తలగుడ్డ చుట్టుకుంటూ అన్నాడు.

"పారతమ్మోళ్ల కళ్లం కాడ గడ్డివామి ఉంది చూడు. దాన్ని కాలుస్తాండాం ఈ పొద్దు."

"ఎవరు?"

"నేను, గంగులన్న."

మైమూన్ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "ఎందుకు మామా?"

"అట్ల చూస్తావేంది? మనుషులకేం కాదులే. ఇంట్లో ఎవరూ లేరు, గొడ్లను గూడా తోలుకపోయినారు. ఉత్త గడ్డి. చేయని దానికి ఏడు నెలలు లోపల ఉంటి నేను. ఏడు నెలలకు ఒక వామి పెద్ద నష్టమా? నేను పోకుంటే ఇంకొకడు పోతాడు. పెద్దాయన కూడు తిన్నా గదా, పొమ్మన్నాక పోకుంటే ఏం బాగుంటాది?"

గొంతు గఫూర్‌దే. మాటలు ఒక్కటీ అతనివి కావు. ఒకటి ప్రొద్దుటూరు అరుగు మీది మాట, ఒకటి జమ్మలమడుగు జైలుది. ఏడు నెలలు బస్సుల్లో తిరిగి ఎవరెవరితో తగువు పడిందో వాళ్లంతా కలిసి తన ఇంట్లోకొచ్చి, తన మొగుడి నోట్లో కూర్చున్నారు. అయ్యో దేవుడా, వీళ్లనా నేను విడిపించుకొచ్చింది!

"ఆయమ్మ బోనెక్కి నిజం చెప్పబట్టే గదా నువ్వు ఈడుండావు?"

"ముందు అబద్ధం చెప్పబట్టే గదా ఆడుంటి?"

బాగా నేర్చుకున్నాడు. జవాబు వెతుక్కునే పని కూడా లేదు అతనికి.

మైమూన్ వాకిలికి అడ్డంగా నిలబడలేదు. పక్కకు జరిగింది.

"పో. కాల్చు. నేను అడ్డం రాను. వామి అంటుకుంటానే నేను టేషన్‌కు పోతా. రామచంద్రయ్య అవసరం లేదు నాకు, తొమ్మిది పేర్లూ అవసరం లేదు. పోయింది ఇద్దరైతే ఇద్దరి పేర్లే చెప్తా. మొదటి పేరు నీది."

గఫూర్ తలగుడ్డ చుట్టడం ఆపాడు. "నువ్వు నా పెండ్లానివా, వాళ్ల మనిషివా?"

"నీ పెండ్లాన్నే. నువ్వు చేయని దాంట్లో నుంచి నీ పేరు తీయించనీకి ఏడు నెలలు నాలుగూర్లు తిరిగినా. నువ్వు చేసిన దాంట్లో నీ పేరు రాయించనీకి ఒక్క పూట చాలు నాకు."

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఉత్త బెదిరింపేమోనని వెతికాడు. దొరకలేదు. ఈమె పోతుంది. పోయి, చూసింది చూసినట్టు చెబుతుంది. ఒకప్పుడు తను చెప్పినట్టే.

వీధిలోంచి గంగులు కేక వేశాడు. "గఫూరూ, వస్తాండావా, లేదా?"

"లేదు" అన్నాడు గఫూర్. ఆ మాట గడప కూడా దాటలేదు.

మైమూన్ వాకిట్లోకి పోయి, ఊరంతా వినపడేటట్టు అరిచింది.

"రాడు!"